రుజువేది? జ్ఞానోదయ యుగం న్యాయవ్యవస్థకు వేసిన ప్రశ్న

శాస్త్రజ్ఞులు ప్రకృతిని పరిశీలిస్తూ అడిగిన ‘రుజువేది?’ అనే ప్రశ్నను జ్ఞానోదయ యుగ మేధావులు న్యాయస్థానాల్లోనూ అడిగారు. ఒక ఉదాహరణ చూద్దాం.

1762లో ఫ్రాన్స్‌లోని తులూజ్ నగరంలో జా కలాస్ అనే ప్రొటెస్టెంట్ బట్టల వ్యాపారికి మరణశిక్ష అమలు చేశారు. కేథలిక్ మతంలో చేరబోతున్న కొడుకును చంపాడన్నది అభియోగం. చిత్రహింసలు పెట్టినా అతడు నేరం ఒప్పుకోలేదు. ఈ తీర్పు వెనుక మతద్వేషం ఉందంటూ వోల్టేర్ పోరాడాడు. 1765లో కలాస్ నిర్దోషి అని ప్రకటించారు. అప్పటికే ప్రాణం పోయింది.

ఇటలీ మేధావి బెకారియా 1764లో ‘నేరాలు, శిక్షలు’ అనే గ్రంథం ప్రచురించాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. చిత్రహింస దేహబలాన్ని పరీక్షిస్తుందే తప్ప సత్యాన్ని తేల్చదు. బలవంతుడైన దోషి దాన్ని తట్టుకొని బయటపడతాడు. బలహీనుడైన నిర్దోషి చేయని నేరం ఒప్పుకుంటాడు. శిక్ష ఎంత క్రూరమైనదన్న దానికంటే, అది తప్పదన్న నమ్మకమే నేరాలను ఎక్కువగా అరికడుతుంది. టస్కనీ పాలకుడు లియోపోల్డ్ 1786 నాటి శిక్షాస్మృతిలో చిత్రహింసనూ మరణశిక్షనూ రద్దు చేశాడు.

‘నిందితుడు నేరం అంగీకరించాడు’ అన్న వార్త మీరూ చదువుతుంటారు. ఆ అంగీకారం ఎలా వచ్చిందో, దానికి తోడు రుజువేమిటో ఆలోచించండి. ఈ యుగాన్ని అర్థం చేసుకోవడానికి అది మంచి అభ్యాసం.