నెలలు నిండని బిడ్డను గుంటూరు పంపాల్సి వస్తే

"బిడ్డను వెంటనే గుంటూరు తీసుకెళ్ళండి" అని డాక్టరు గారు చెప్పగానే కుటుంబ సభ్యులు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇక్కడే బాక్సులో పెట్టి చూడకూడదా?" మాచర్ల నుండి గుంటూరు నూరు కిలోమీటర్ల పైమాటే కనుక మీరు అలా అడగడంలో తప్పు లేదు.

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. 32 వారాలకు ముందే పుడితే ఊపిరితిత్తులు పూర్తిగా తయారై ఉండవు. బాక్సు వెచ్చదనం మాత్రమే ఇస్తుంది. ఇలాంటి బిడ్డకు ఊపిరికి సాయపడే యంత్రం, గొట్టం ద్వారా పాలు, రాత్రీ పగలూ కనిపెట్టి ఉండే నర్సులు కావాలి. చిన్న ఊరి ఆసుపత్రికి ఇటువంటి బిడ్డలు ఎప్పుడో ఒకరు వస్తారు. రోజూ చూసే చోటనే చెయ్యి తిరుగుతుంది. అందుకే ఈ వైద్యాన్ని పెద్దాసుపత్రుల్లో ఒకచోట చేర్చారు. (ఏడో నెల బిడ్డ నిలుస్తుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు అనే మాట నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే.)

బిడ్డను తరలించడానికి అన్నిటికంటే మంచి అంబులెన్సు తల్లి కడుపే. నెలలు నిండకుండా నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా వెంటనే ఆసుపత్రికి రండి. వీలుంటే కాన్పుకు ముందే గుంటూరు చేరడం మేలు. 34 వారాల లోపయితే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇస్తారు. వద్దనకండి. కాన్పు అయ్యాక పంపాల్సి వస్తే ఆటోలో బయలుదేరవద్దు, 108ని పిలిపించండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బుపడిన శిశువుకు ప్రయాణం, వైద్యం ఉచితం.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. తండ్రి, నాయనమ్మ బిడ్డతో గుంటూరు వెళతారు. "పచ్చి బాలింత, ప్రయాణం చేయకూడదు" అని తల్లిని ఇక్కడే ఉంచుతారు. నాలుగు రోజులు గడిచేసరికి పిండేవారు లేక పాలు తగ్గిపోతాయి. ఆ బిడ్డకు ముర్రుపాలు మందుతో సమానం. పాలను రోజుకు ఎనిమిది సార్లయినా పిండాలి. పిండిన పాలు బయట నాలుగు గంటలకు మించి నిలవవు. పల్నాడు ఎండల్లో మాచర్ల బస్సులో డబ్బాతో పంపే పని కాదు. కనుక డాక్టరు ఒప్పుకున్న వెంటనే తల్లిని కూడా పంపండి. గుంటూరు పెద్దాసుపత్రిలో కాన్పుల విభాగం కూడా ఉంది. కుట్లున్న తల్లిని అక్కడే చేర్చుకోమని మన డాక్టరు చేత చీటీ రాయించుకోండి.

తల్లి దగ్గర ఉంటే మరో లాభం కంగారూ సంరక్షణ. అంటే బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టడం. ఇది 1978లో కొలంబియాలోని బొగొటా నగరంలో మొదలైంది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. 1 కిలో నుండి 1.8 కిలోల లోపు బిడ్డలను పుట్టిన వెంటనే ఇలా ఉంచితే, మొదటి నెలలో మరణాలు నూటికి 16 నుండి 12కు తగ్గాయి. అక్కడ తల్లి మంచాన్ని కూడా బిడ్డ ఉన్న వార్డులోనే వేశారు. తల్లి అలసినప్పుడు తండ్రి, అమ్మమ్మ కూడా ఇలా పెట్టుకోవచ్చు.

బిడ్డ అక్కడ వారాల తరబడి ఉండవచ్చు. మిరప కోతల కాలమైతే కూలి పోతుందనే బెంగ ఉంటుంది. ఇంట్లో వారంతా వంతులు వేసుకోండి కానీ, తల్లిని మాత్రం వెనక్కు పిలవకండి.

ఇంటికి వచ్చాక కూడా ఒక ప్రయాణం మిగిలి ఉంటుంది. 34 వారాల లోపు గానీ, 2 కిలోల కంటే తక్కువ బరువుతో గానీ పుట్టిన బిడ్డకు, పుట్టిన నెల రోజుల లోపు కంటి డాక్టరు చేత రెటీనా పరీక్ష చేయించాలి. మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే చేస్తారు. పైకి కన్ను బాగానే కనిపిస్తుంది, లోపలి జబ్బు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆలస్యమైతే చూపు తిరిగి రాదు. ఆ తేదీని డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని, బస్సు ఛార్జీలు ముందే పక్కన పెట్టుకోండి.