కర్నూలు, కడపల్లో ఊరి చివరి కాలనీకి బస్సు ఎందుకు రాదు? వేయాల్సింది ఎవరు?

సాయంత్రం ఏడు గంటలు. కడప దగ్గర కొప్పర్తి పారిశ్రామికవాడలో షిఫ్టు ముగిసింది. లేదా కర్నూలు దగ్గర ఓర్వకల్లులో పని అయిపోయింది. రోడ్డు మీదికి వచ్చి నిలబడితే ముందుగా కనిపించేది షేర్ ఆటో. డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక ఆరుగురు. ఎక్కితే ఇల్లు, ఎక్కకపోతే ఎప్పుడొస్తుందో తెలియని బస్సు.

రెండు నగరాలూ నాలుగు దిక్కులా పెరిగాయి. కళాశాలలు, ఆసుపత్రులు, కొత్త లేఅవుట్లు, ఫ్యాక్టరీలు పాత ఊరి హద్దులు దాటి వెళ్లాయి. బస్సు మాత్రం అదే వేగంతో వెళ్లలేదు. ఎందుకు? అసలు ఒక కాలనీకి బస్సు వేయాలా వద్దా అని నిర్ణయించేది ఎవరు? మంజూరైన ఎలక్ట్రిక్ బస్సులతో పరిస్థితి మారుతుందా?

ఈ నగరాల్లో సిటీ బస్సులు లేవా?

హైదరాబాద్‌లో ఉన్నవారికి సిటీ బస్సు, శివార్లకు వెళ్లే బస్సు, ఎంఎంటీఎస్ రైలు అలవాటు. కర్నూలు, కడపల్లో శివారు రైలు లేదు. కర్నూలు సికింద్రాబాద్ - డోన్ రైలు మార్గంలో ఉంది. కడప ముంబయి - చెన్నై మార్గంలో ఉంది. రెండూ దూరప్రాంత రైళ్లు నడిచే లైన్లే. పొద్దున ఆఫీసుకు, సాయంత్రం ఇంటికి తీసుకెళ్లే రైళ్లు కావు.

ఏపీఎస్‌ఆర్టీసీలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ అనే బోర్డులు ప్రధానంగా విశాఖపట్నం, విజయవాడల్లో కనిపిస్తాయి. కర్నూలు, కడపల్లో ఆ పని చాలావరకు చేస్తున్నది పల్లెవెలుగు బస్సే. నందికొట్కూరు, కోడుమూరు, గూడూరు నుంచి కర్నూలుకు వచ్చే బస్సు, చెన్నూరు, ఒంటిమిట్ట, కమలాపురం నుంచి కడపకు వచ్చే బస్సు దారిలో శివారు కాలనీల వాళ్లను కూడా ఎక్కించుకుంటాయి. పేరు పల్లెవెలుగే అయినా, ఈ నగరాలకు శివారు సర్వీసు అంటే అదే.

సమస్య కూడా అక్కడే మొదలవుతుంది. పల్లెవెలుగు టైములు పల్లె అవసరాన్ని బట్టి ఏర్పడ్డాయి. చాలా ఊళ్లలో రాత్రికి బస్సు అక్కడే ఆగి, తెల్లవారగానే జనాన్ని పట్నానికి తెస్తుంది. పొద్దున లోపలికి, సాయంత్రం బయటికి. పాలు, కూరగాయలు, ఆసుపత్రి, కాలేజీ పనుల మీద వచ్చేవారికి ఇది సరిపోతుంది. కానీ పట్నంలో ఇల్లు ఉండి, పొద్దున ఓర్వకల్లుకో కొప్పర్తికో పనికి వెళ్లేవారి దారి దీనికి ఎదురు. వాళ్లకు పొద్దున బయటికి వెళ్లే బస్సు, రాత్రి లోపలికి వచ్చే బస్సు కావాలి.

ఈ అవసరం ఇంకా పెరుగుతుందా?

పెరుగుతుంది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక కేంద్రాల జాబితాలో ఓర్వకల్లు, కొప్పర్తి రెండూ ఉన్నాయి. రెండూ నగరానికి బయటే. ఓర్వకల్లులో 2021 నుంచి విమానాశ్రయం కూడా ఉంది. అది కర్నూలుకు 20 కిలోమీటర్లకు అటూ ఇటూ దూరం.

ఫ్యాక్టరీకి భూమి, కరెంటు, నీళ్లు ఎంత అవసరమో మనుషులు వచ్చి వెళ్లే దారి కూడా అంతే అవసరం. బండి ఉన్నవాడు ఎలాగోలా వెళ్తాడు. బండి లేని అమ్మాయికి రాత్రి షిఫ్టు తర్వాత బస్సు లేదంటే, ఆ ఉద్యోగం ఆమెకు లేనట్టే.

రూటు నిర్ణయించేది ఎవరు?

ముందుగా ఆర్టీసీ డిపో. ప్రతి డిపోకు కొన్ని బస్సులు, కొందరు డ్రైవర్లు, కండక్టర్లు ఉంటారు. ఒక బస్సు రోజంతా ఏ ఊరికి ఎన్నిసార్లు, ఏ టైముకు తిరగాలో రాసిన దాన్ని షెడ్యూలు అంటారు. కొత్త రూటు వేయాలంటే కొత్త బస్సైనా రావాలి, ఉన్న షెడ్యూల్లో నుంచి ఒక ట్రిప్పైనా తీయాలి. అంటే మీ కాలనీకి బస్సు రావడమంటే చాలాసార్లు ఇంకో ఊరికి ఒక ట్రిప్పు తగ్గడమే.

డిపో మేనేజరు చూసే లెక్కలు ముఖ్యంగా రెండు. ఒకటి, కిలోమీటరుకు ఎంత ఆదాయం వచ్చింది. దీన్ని ఈపీకే అంటారు. రెండోది, ఉన్న సీట్లలో ఎన్ని నిండాయి. దీన్ని ఆక్యుపెన్సీ రేషియో, వాడుకలో ఓఆర్ అంటారు. రెండూ టికెట్ మెషీన్ నుంచి వచ్చే అంకెలే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బస్సు సమయానికి రాకపోతే జనం ఆటో ఎక్కుతారు. ఆటో ఎక్కినవాళ్లు టికెట్ మెషీన్‌లో కనిపించరు. కనిపించకపోతే ఆ రూటులో ప్రయాణికులు లేరని లెక్క తేలుతుంది. ట్రిప్పు తగ్గుతుంది. తగ్గితే మరికొందరు ఆటో ఎక్కుతారు. రోడ్డు నిండా జనం ఉన్నా, డిపో రికార్డులో మాత్రం ఆ రోడ్డు ఖాళీగానే ఉంటుంది.

ప్రైవేటు బస్సులు తిప్పకూడదా?

చట్టం దీనికి హద్దులు పెట్టింది. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ప్రభుత్వం జాతీయం చేసిన రూట్లలో స్టాపు స్టాపునా జనాన్ని ఎక్కించుకునే బస్సులు నడిపే హక్కు ప్రధానంగా ఆర్టీసీదే. షేర్ ఆటోకు ఉండేది కాంట్రాక్టు క్యారేజీ పర్మిట్. అంటే మొత్తం బండిని బాడుగకు మాట్లాడుకోవడానికే. దారి పొడుగునా ఒక్కొక్కరినీ ఎక్కించి దింపడానికి కాదు. అయినా రోజూ జరిగేది అదే. బస్సు లేని చోట అవసరం ఆగదు కాబట్టి అందరూ చూసీ చూడనట్టు పోతారు. నష్టం ప్రమాదం జరిగినప్పుడు బయటపడుతుంది. పరిమితికి మించి ఎక్కించుకున్న బండిలో గాయపడితే బీమా పరిహారం దగ్గర చిక్కులు వస్తాయి.

స్త్రీ శక్తి పథకం ఏం మార్చింది?

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. రాష్ట్ర నివాసిగా గుర్తింపు కార్డు చూపించాలి. నాన్‌స్టాప్, సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు, రాష్ట్రాల మధ్య తిరిగే సర్వీసులకు ఇది వర్తించదు.

చివరి మాట కర్నూలువాళ్లు గుర్తుంచుకోవాలి. తుంగభద్ర దాటి కాస్త ముందుకెళ్తే తెలంగాణ. అలంపూర్ వైపు వెళ్లే బస్సు దూరం తక్కువే అయినా అంతర్రాష్ట్ర సర్వీసే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి అమలవుతున్న మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఆ రాష్ట్ర మహిళలకే. కాబట్టి ఆ దారిలో కర్నూలు మహిళ టికెట్ కొనాల్సిందే.

ఉచిత ప్రయాణంలో కండక్టరు ఇచ్చేది జీరో టికెట్. దాని విలువను ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. అందుకే, ‘ఉచితమే కదా, టికెట్ ఎందుకులే’ అనుకోకూడదు. ఇన్నాళ్లూ ఆటోల్లో వెళ్లి లెక్కకు రాని మహిళల ప్రయాణం ఇప్పుడు మెషీన్‌లోకి వస్తోంది. ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతున్నారో డిపోకు తెలిసేది ఆ టికెట్‌తోనే. జీరో టికెట్ తీసుకోని ప్రయాణం రికార్డులో జరగని ప్రయాణమే.

రెండో వైపు కూడా చూడాలి. ప్రయాణికులు పెరిగినంతగా బస్సులు పెరగకపోతే రద్దీ పెరుగుతుంది. నిండిన బస్సు శివారు స్టాపులో ఆగకుండా పోతుంది. ఉచితం అన్న మాటకు విలువ వచ్చేది బస్సు ఆగినప్పుడే. ఆటోవాళ్లకూ రాబడి తగ్గింది. 2025 అక్టోబరులో ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు ఏడాదికి రూ.15,000 సాయం మొదలుపెట్టింది.

ఎలక్ట్రిక్ బస్సులు వస్తే?

2023 ఆగస్టు 16న కేంద్రం పీఎం ఈ-బస్ సేవ పథకాన్ని ఆమోదించింది. మొత్తం అంచనా రూ.57,613 కోట్లు, అందులో కేంద్రం వాటా రూ.20,000 కోట్లు, లక్ష్యం 10,000 బస్సులు. 2011 జనాభా లెక్కల ప్రకారం 3 లక్షలు దాటిన నగరాలకు అర్హత ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌కు 11 నగరాల్లో 750 బస్సులు మంజూరయ్యాయి. కర్నూలుకు 50, కడపకు 50.

ఇందులో అసలు కొత్తదనం డబ్బు లెక్కలో ఉంది. బస్సు కొని నడిపేది ప్రైవేటు సంస్థ. దానికి డబ్బు ప్రయాణికులను బట్టి కాక, తిరిగిన కిలోమీటర్లను బట్టి వస్తుంది. టికెట్ ఆదాయం ఆర్టీసీకి. కేంద్రం 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు రూ.24, 9 మీటర్లదానికి రూ.22, 7 మీటర్లదానికి రూ.20 ఇస్తుంది. ఈ సాయం పదేళ్లు. అంటే శివారు కాలనీ రూటు మొదట్లో ఖాళీగా ఉన్నా, జనం అలవాటు పడేదాకా నడిపే వీలు ఉంటుంది.

మిగతా డబ్బు ఎవరిది? ఒక లెక్క వేసుకుందాం. 9 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు రూ.60 ఇవ్వాలని ఒప్పందం కుదిరిందనుకోండి. కేంద్రం రూ.22 పోగా రూ.38 మిగిలింది. టికెట్లు, జీరో టికెట్ల చెల్లింపు కలిపి రూ.30 వస్తే, ఇంకా రూ.8 లోటు. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగితే ఒక్క బస్సుకు రూ.1,600. యాభై బస్సులకు రోజుకు రూ.80,000. ఏడాదికి దాదాపు రూ.2.9 కోట్లు. ఇవి ఉదాహరణ అంకెలే. కానీ లోటు ఎంతైనా, దాన్ని ఆర్టీసీ భరిస్తుందా, రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుందా, నగరపాలక సంస్థ కొంత పంచుకుంటుందా అన్నది ముందే తేలాలి. తేలకపోతే లాభం వచ్చే పెద్ద రోడ్లకే బస్సులు పోతాయి. చెల్లింపులు ఆలస్యమవుతాయన్న భయం కంపెనీలకూ ఉంది. అందుకే 2024 సెప్టెంబరులో కేంద్రం రూ.3,435 కోట్లతో చెల్లింపు భద్రత పథకం తెచ్చింది.

యాభై బస్సులు సరిపోతాయా?

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణాల్లో వెయ్యి మందికి 0.6 బస్సులు ఉంటే మంచి స్థాయి. 0.2 కంటే తక్కువైతే అట్టడుగు స్థాయి. 2011 నాటికే కర్నూలు జనాభా 4 లక్షలు దాటింది, కడపది 3.4 లక్షలు. ఆ లెక్కన కర్నూలుకు 240, కడపకు 200 బస్సులు ఉండాలి. యాభై బస్సులంటే కర్నూలులో వెయ్యి మందికి 0.12, కడపలో 0.15. పల్లెవెలుగు బస్సులు కొంత భారం మోస్తున్నా, యాభైతో తీరే అవసరం కాదు. కాబట్టి ఆ యాభై ఎక్కడ తిరుగుతాయన్నదే అసలు ప్రశ్న. బస్టాండు నుంచి పెద్దాసుపత్రి దాకా ఇప్పటికే ఆటోలు, బస్సులు ఉన్న రోడ్డు మీదా? లేక విశ్వవిద్యాలయాలు, పారిశ్రామికవాడలు, కొత్త కాలనీల వైపా?

అడగాల్సింది ఎవరిని?

లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేది పట్టణాభివృద్ధి సంస్థ. లోపలి రోడ్డు, బస్ షెల్టరు నగరపాలక సంస్థ లేదా పంచాయతీ పని. బస్సు ఆర్టీసీది. ఆటో పర్మిట్ రవాణా శాఖది. నలుగురినీ ఒకేచోట కూర్చోబెట్టి నగర రవాణాను చూసే సంస్థ ఏదీ ఇక్కడ లేదు. నలభై డిగ్రీలు దాటే ఎండలో షెల్టరు లేని స్టాపు గురించి డిపోలో అడిగితే ‘మాది కాదు’ అంటారు. అది నిజమే కూడా.

కాబట్టి ఏది ఎవరిని అడగాలో తెలిస్తే సగం పని అయినట్టే.

- కొత్త ట్రిప్పు, టైము మార్పు కావాలంటే డిపో మేనేజరుకు రాయండి. డిపోలు నిర్వహించే ‘డయల్ యువర్ డీఎం’ రోజున ఫోన్ చేయండి. రాయలసీమ డిపోలను చూసే జోనల్ కార్యాలయం కడపలోనే ఉంది. అక్కడికీ ఒక ప్రతి పంపండి.

- ‘మా కాలనీకి బస్సు వేయండి’ అని మాత్రమే రాస్తే చాలదు. పొద్దున ఏ టైముకు ఎంతమంది వెళ్తారు, ఎక్కడికి, సాయంత్రం ఎప్పుడు తిరిగొస్తారు అన్నది సంతకాలతో రాయండి. మెషీన్‌లో కనిపించని జనాన్ని డిపోకు చూపించే కాగితం అదే.

- షెల్టరు, వీధి దీపం, బస్సు తిరగడానికి చోటు కోసం నగరపాలక సంస్థకు వెళ్లండి. రెండు శాఖలకు సంబంధించిన పనైతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి.

- బస్సు వేశాక మొదటి రెండు, మూడు నెలలు దాన్నే ఎక్కండి. టికెట్, జీరో టికెట్ తప్పకుండా తీసుకోండి. ఆ నెలల అంకెలే ఆ బస్సు నిలుస్తుందా లేదా అన్నది తేలుస్తాయి.