వేగం, చలాను, అడవి మలుపు

“చలాను” అనే మాట మన కళాశాలలో ఉర్దూ చదివేవారికీ తెలుగు చదివేవారికీ సమానంగా పరిచితమైనదే. ‘చల్నా’ అనగా నడచుట, సాగుట. నేరం మోపబడినవానిని కాగితాలతో సహా న్యాయస్థానానికి సాగనంపడానికి ఆ పేరు ఏర్పడినది. మన తాతల నాడు తెలంగాణ పల్లెలలో ‘జుల్మానా’ అని పిలువబడిన ఆ దండన నేడు సెల్‌ఫోను సందేశమై ఇంటిలోనికే వస్తున్నది.

గత వర్షాకాలంలో మేమిద్దరు మిత్రులం మోటారు సైకిలుపై ఖమ్మం నుండి భద్రాచలం వెళ్లి, సాయంత్రం తిరుగు ప్రయాణమైనాము. సారపాక దాటి అడవిలో ప్రవేశించిన తరువాత, చీకటి పడుతున్న వేళ ఒక మలుపు తిరిగేసరికి దారినిండా పశువుల మంద. బ్రేకు వేసినాము. బండి జారుతూ పోయి ఆగినప్పుడు ముందు చక్రానికీ ఒక ఆవుకూ నడుమ జానెడు ఎడమే ఉన్నది. ఆనాడు మమ్ము ఎవరూ దండించలేదు. పది రోజుల తరువాత మాలో ఒకరి తండ్రిగారి పేర చలాను వచ్చినది. అందులోని ఛాయాచిత్రం ఆ మలుపుది కాదు. అదే రోజు ఉదయం తిన్నని విశాలమైన దారిలో తీసినది. పరిమితి 60 కిలోమీటర్లు, మా వేగం 78. జరిమానా 1,000 రూపాయలు, దానిపై రుసుము 35. ఆ తండ్రిగారికి అది రెండు రోజుల సంపాదన.

మిత్రులందరూ మమ్ము అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: “ఎక్కడ పట్టుకున్నారు?” ఆ ప్రశ్నకు ఈ వ్యాసంలో సమాధానం చెప్పదలచినాము. దానితోపాటు ఎవరూ అడుగని మరొక ప్రశ్న ఉన్నది. ప్రాణం పోవలసిన మలుపులో పడని జరిమానా, ఏమీ జరుగని తిన్నని దారిలో ఎందుకు పడినది?

చట్టం ఏమి చెప్పుచున్నది?

వేగానికి దండన నిన్న మొన్న పుట్టినది కాదు. 1896 జనవరి 28న ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, పాడక్ వుడ్ అనే ఊరిలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన గంటకు 8 మైళ్ల వేగంతో మోటారు బండి నడిపినాడు. నాడు ఊళ్లలో పరిమితి 2 మైళ్లు మాత్రమే. కానిస్టేబులు సైకిలెక్కి తరిమి పట్టుకొనగా, న్యాయస్థానం ఆ వేగానికి ఒక షిల్లింగు జరిమానా వేసినది. ఆ 8 మైళ్లు మన లెక్కలో సుమారు 13 కిలోమీటర్లు. నేడు మన విద్యార్థి సైకిలు తొక్కి అంత వేగంగా పోగలడు.

మన దేశంలో 1914, 1939 చట్టాల తరువాత 1988 నాటి మోటారు వాహనాల చట్టం వచ్చినది. అందులో 112వ సెక్షను వేగపరిమితిని, 183వ సెక్షను శిక్షను చెప్పుచున్నవి. మొదట 400 రూపాయల వరకు ఉన్న జరిమానాను 2019 సవరణ తేలికపాటి వాహనాలకు 1,000 నుండి 2,000 రూపాయలకు పెంచినది. కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో ప్రకటించిన గరిష్ఠ వేగాలను అనుసరించి, మధ్య విభాగిని గల నాలుగు వరుసల రహదారిపై కారుకు 100, మోటారు సైకిలుకు 80 కిలోమీటర్లు; సాధారణ రహదారిపై కారుకు 70, మోటారు సైకిలుకు 60. రాష్ట్రాలు ఇంతకన్న తక్కువ పరిమితిని విధించవచ్చును.

183వ సెక్షనులో విద్యార్థులు గమనింపదగిన రెండు విశేషాలు ఉన్నవి. “బండి వేగంగా పోయినది” అని ఒక సాక్షి తన అభిప్రాయం చెప్పినంత మాత్రాన ఎవరినీ శిక్షింపరాదు. యంత్రపరికరంతో కొలిచిన ఆధారం ఉండవలెను. మనిషి కన్ను వేగాన్ని సరిగా కొలువలేదని చట్టమే ఒప్పుకొన్నదన్న మాట. ఇక రెండవది. పరిమితి మీరితే తప్ప చేరలేని విధంగా ఎవరైనా ప్రయాణ కాలపట్టికను ప్రకటించినచో, ఆ పట్టికే వారిపై ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. అనగా తొందరపెట్టినవాడు కూడ దోషియే.

యంత్రం ఎట్లు కొలుస్తుంది?

రహదారులపై పోలీసులు వాడే లేజరు గన్ను కంటికి కనబడని కాంతి తునకలను వాహనంపైకి పంపి, అవి తాకి మరలివచ్చే కాలాన్ని లెక్కిస్తుంది. కాంతి సెకనులో పదిలక్షవ వంతు కాలంలో 300 మీటర్లు పోతుంది. తునక తునకకూ వాహనం ఎంత దగ్గరైనదో తెలియగానే వేగం తేలిపోతుంది. ఈ పని అంతా ఒక్క రెప్పపాటులో ముగుస్తుంది.

అయితే కాంతి వంకరగా పోదు. మలుపు వెనుకనున్న బండిని ఆ యంత్రం చూడలేదు. దారికి ఎక్కువ కోణంలో నిలబడి కొలిచినచో వేగం అసలుకన్న తక్కువగా కనబడుతుంది. గణిత విద్యార్థులు దీనిని కొసైను సూత్రంతో సాధించవచ్చును. కావున యంత్రానికి కావలసినది తిన్నని దారి, అడ్డులేని చూపు.

జరిమానా ఎక్కువగా పడే చోట్లు

మొదటిది తిన్నగా, వెడల్పుగా ఉన్న దారి. అక్కడ నడిపేవాని పాదం తనకు తెలియకనే బరువెక్కుతుంది. యంత్రానికి కూడ అక్కడే చూపు బాగా ఆనుతుంది. ఈ రెండూ కలసిన చోట చలాను పుడుతుంది.

రెండవది, పెద్ద రహదారి ముగిసి చిన్న దారియో, ఊరో మొదలయ్యే చోటు. సూర్యాపేట నుండి నాలుగు వరుసల రహదారిపై గంటకు 100 కిలోమీటర్లతో ఖమ్మం వచ్చినవానికి, వేగం 70కి తగ్గగానే బండి పాకుతున్నట్లు తోచును. చాలాసేపు వేగానికి అలవాటుపడిన కన్ను తరువాతి వేగాన్ని తక్కువగా అంచనా కట్టుతుంది. తల్లాడ, జూలూరుపాడు వంటి ఊళ్లను సమీపించేటప్పుడు నమ్మదగినది కన్ను కాదు, బండిమీది మీటరు.

మూడవది, వాగుల వంతెనలవైపు దిగే వాలు. అక్కడ యాక్సిలరేటరు తాకకున్నను వేగం పెరుగుతుంది.

నాలుగవది, ప్రమాదాలు మరల మరల జరిగిన చోటు. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేండ్లలో మరణమో తీవ్రగాయమో కలిగించిన ప్రమాదాలు 5 జరిగినను, లేదా 10 మంది మరణించినను దానిని ప్రమాదస్థలిగా గుర్తిస్తారు. 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నియమం ఇట్టి అపాయకర మార్గాలలోనే ముందుగా కెమెరాలు పెట్టవలెనని చెప్పినది. కెమెరా ఉన్నదని ముందే బోర్డు ద్వారా తెలుపవలెననీ, నేరం జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపవలెననీ కూడ అందులో ఉన్నది. దాగి పట్టుకొనుట ఆ నియమపు ఉద్దేశం కాదు.

ఐదవది, జనం గుమిగూడే కాలం. శ్రీరామనవమికి భద్రాచలం దారి, ఆదివారాలలో పాల్వంచ పెద్దమ్మ గుడి పరిసరాలు యాత్రికులతో నిండి ఉంటవి. జనం ఉన్నచోట నిఘా ఉండుట సహజం.

జరిమానా పడని చోట్లు

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాము. 30వ జాతీయ రహదారి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, చింతూరు, కుంటల మీదుగా జగదల్‌పూర్ పోతుంది. పాల్వంచ దాటినది మొదలు దానిని అడవి వెన్నంటి వస్తుంది. ప్రక్కనే కిన్నెరసాని అభయారణ్యం. ఈ దారిలో బొగ్గు లారీలు, సారపాక కాగితపు మిల్లుకు పోయే కలప లారీలు, సంతకు నడచిపోయే కోయ గూడేల ప్రజలు, ఇంటికి మరలే పశువులు, రాత్రివేళ దారి దాటే వన్యమృగాలు ఉంటవి. మలుపులూ చెట్లూ చూపును అడ్డగిస్తవి. లేజరు చూడలేని చోటును మనం కూడ చూడలేము. జరిమానాకు అనువుకాని చోటే ప్రమాదానికి మిక్కిలి అనువైన చోటు కావడంలోని రహస్యం ఇదే.

ఒక చిన్న లెక్క వేసి చూతము. అడ్డంకిని చూచి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పడుతుందనుకొందాము. పొడిగా ఉన్న మంచి దారిపై 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి మొత్తం సుమారు 36 మీటర్లలో ఆగుతుంది. 80తో పోయేది 57 మీటర్లు తీసుకొంటుంది. ఇరవై కిలోమీటర్ల తేడాయే గదా అనిపించును. కాని మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోటికి వచ్చేసరికి, రెండవ బండి ఇంకను గంటకు 60 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోతూ ఉంటుంది. ఆ చోట ఒక బాలుడున్నచో, మొదటి బండికి వాడు బ్రతుకుతాడు. రెండవ బండికి బ్రతుకడు. పైగా డిప్ వేసిన దీపపు వెలుగు సుమారు 50 మీటర్లు మాత్రమే పారుతుంది. రాత్రి 80తో పోయేవాడు తాను చూడగలిగినంత దూరంలో ఆగలేడు. వాన కురిసి దారి తడిసినచో చెప్పనే అక్కరలేదు.

ఇంత చేసి మిగిలేది ఎంత? కొత్తగూడెం నుండి భద్రాచలానికి సుమారు 40 కిలోమీటర్లు. 60తో పోతే 40 నిమిషాలు, 80తో పోతే 30. పది నిమిషాల లాభం! ‘పరుగెత్తి పాలు త్రాగే కంటె నిలబడి నీళ్లు త్రాగడం మేలు’ అని పెద్దలు ఊరకే అనలేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో నూటికి 71 మంది మరణానికి అతివేగమే కారణమని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది.

తెలంగాణలో 2022 మార్చిలోను, 2023 డిసెంబరులోను పాత చలాన్లపై పెద్ద రాయితీలు ఇచ్చినారు. రెండవసారి ద్విచక్రవాహనాలకు నూటికి 80 వంతులు తగ్గించినారు. అప్పటినుండి “రాయితీ వచ్చినప్పుడు కడుదాము” అనే మాట మన మిత్రులలో వినబడుతున్నది. చలానుకు రాయితీ ఉండవచ్చును గాని, అడవి మలుపులో రాయితీ లేదు.

మా విన్నపం

విద్యార్థి మిత్రులారా! చలాను ఎక్కడ పడుతుందో తెలిసికొని అక్కడ మాత్రమే నెమ్మదించుట తెలివి కాదు. నోటీసు వచ్చేది వాహన యజమాని పేర, అనగా చాలామందికి తండ్రి పేర. పదునెనిమిది ఏండ్లు నిండనివారు బండి నడిపి నేరం చేసినచో, 2019 సవరణలోని 199ఎ సెక్షను తల్లిదండ్రులకో, వాహన యజమానికో 25,000 రూపాయల జరిమానాను, మూడేండ్ల వరకు జైలును విధిస్తుంది. మన ఉత్సాహానికి వెల చెల్లించేది ఇంటి పెద్ద.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక మనవి. దూరపు ఊళ్ల విద్యార్థులు మొదటి గంటకు హాజరు తప్పుతుందనే భయంతోనే ఎక్కువగా వేగిరపడుచున్నారు. కాలపట్టిక కూడ సాక్ష్యమౌతుందన్న చట్టపు మాటను తలచుకొని, వారికి మొదటి పది నిమిషాలు మినహాయింపు ఇచ్చినచో ఎంతో మేలు చేసినవారగుదురు. అడవి దారిలో మనం ఆదా చేయగలిగేది ఆ పది నిమిషాలే గదా. వాటిని కళాశాల ఇచ్చినచో, ప్రాణం పణం పెట్టి సంపాదించవలసిన అగత్యం మా మిత్రులకు ఉండదు.