కెస్లాపూర్ చలిలో కిక్రి ముచ్చట

"తాతా, ఇక్కడ హార్ప్ వాయించేవాళ్లు, హార్ప్ అంటే పిచ్చి ఉన్నవాళ్లు దేశం నలుమూలల నుంచి ఒక్కచోట చేరతారు. మన దిక్కు అట్లాంటిది ఏమన్నా ఉందా?" అని అమెరికా నుంచి మనవరాలు ఫోన్‌లో అడిగింది. మొన్ననే హార్ప్ నేర్చుకోవడం మొదలుపెట్టిందట. వేళ్లు బొబ్బలెక్కినయని కూడా చెప్పింది.

వాళ్ల హార్ప్ సొసైటీ 1962 నాటిది. 1983లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మొదటి ప్రపంచ హార్ప్ మహాసభ కూడా జరిగింది. మన దగ్గర హార్ప్ పేరు మీద సభ లేదు. కానీ తీగ వాద్యమే ఇంటి వృత్తిగా ఉన్న ఒక కులంవాళ్లు ఏటా పుష్య అమావాస్యకు ఒక ఊరికి చేరతారు. ఆ ఊరు ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కెస్లాపూర్. ఆ పండుగ నాగోబా జాతర. ఆ మనుషులు పర్ధాన్లు. వాళ్ల చేతిలో ఉండేది కిక్రి.

హార్ప్‌కూ కిక్రికీ ఏం చుట్టరికం అంటావా? ఉంది బిడ్డా, దగ్గరి చుట్టరికమే. అయితే జర చుట్టూ తిరిగి రావాలి.

మన దేశంలో ఒకప్పుడు వీణ అంటే హార్ప్ వంటిదే. విల్లులా వంగిన కర్ర, దానికి పడవలాంటి తోలు తొడిగిన డొల్ల, రెంటి నడుమ తీగలు. అమరావతి స్తూపం సున్నపురాతి పలకల మీద ఆడవాళ్లు ఒళ్లో పెట్టుకుని వాయిస్తున్నది అదే. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు బంగారు నాణెం మీద కూర్చుని వాయిస్తున్న వీణా అదే. తమిళులు దాన్ని యాళ్ అన్నారు. ఆ తర్వాత అది మన దేశంలో దాదాపు మాయమైంది. బర్మా వాళ్లు మాత్రం కాపాడుకున్నారు. పదహారు తీగల సౌంగ్ గౌక్ ఇప్పటికీ అక్కడ మోగుతుంది.

మాయమైందనే పండితులు రాసుకున్నారు. అట్లా రాసుకుంటుండగా రోడెరిక్ నైట్ అనే అమెరికా సంగీత పరిశోధకుడు, హార్ప్ ఇండియాలో ఇంకా బతికే ఉందని 1985లో వ్యాసం అచ్చువేశాడు. ఎక్కడ? మధ్యప్రదేశ్‌లోని మండ్లా దిక్కు. ఎవరి దగ్గర? పర్ధాన్ల దగ్గర! ఐదు తీగల ఆ వాద్యాన్ని బీన్ బాజా అంటారు, గోగియా బానా అని కూడా అంటారు. గోండులకు వంశ చరిత్రలు పాడి వినిపించే పర్ధాన్లు అక్కడా ఉన్నారు, మన ఆదిలాబాద్‌లోనూ ఉన్నారు. అక్కడివాళ్ల దగ్గర హార్ప్ మిగిలింది. కమానుతో వాయించే మూడు తీగల వాద్యం రెండు చోట్లా మిగిలింది, అక్కడ బానా, ఇక్కడ కిక్రి. అందుకే చుట్టరికం అన్నాను.

మరి దేశమంతటా హార్ప్ ఎందుకు పోయింది? నాకు సబబుగా తోచే కారణం ఒకటుంది. హార్ప్‌లో ఒక తీగ ఒక్క స్వరమే పలుకుతుంది. నీ పెద్ద హార్ప్‌కు 47 తీగలు ఎందుకు కట్టారనుకున్నావు? అవీ చాలక కాలి కింద ఏడు పెడల్స్ పెట్టారు. అన్ని తీగలూ కలిసి లాగే బిగువు దాదాపు ఒక టన్ను. అదే ఒక తీగను కర్రకు దగ్గరగా కట్టి వేలితో నొక్కావనుకో, ఆ ఒక్క తీగ మీదే అన్ని స్వరాలూ వస్తాయి. ఎందుకంటే తీగ పొడవు సగమైతే అది సెకనుకు ఊగే ఊగులు రెట్టింపవుతాయి. బిగువు సంగతి వేరు. బిగువు నాలుగింతలు పెంచితేగానీ ఊగులు రెట్టింపు కావు. కాబట్టి బిగించడం కష్టం, నొక్కడం సులువు. పైగా నొక్కిన వేలిని అట్లాగే జార్చితే స్వరం కూడా జారుతుంది. గమకం పుట్టేది అక్కడే. గమకం రుచి మరిగిన చెవికి హార్ప్ ఆనుతుందా?

ఇప్పుడు కిక్రిని దగ్గరి నుంచి చూద్దాం. ఒక కట్టె ముక్కను తొలిచి డొల్ల చేస్తారు. డొల్ల మీద తోలు బిగిస్తారు. తోలు మీద ఒక చిన్న పుల్ల నిలబడుతుంది, గుర్రంలాగా. ఆ పుల్ల మీదుగా మూడు తీగలు పోతాయి. కమానుకు గుర్రపు తోక వెంట్రుకలు. వాయించే పెద్దాయన కింద కూర్చుని, దాన్ని ఛాతీకి ఆనించుకుని, కమాను లాగుతూ పాడతాడు.

తీగ చప్పుడు చేస్తుందని మనం అనుకుంటాం. నిజానికి తీగ గాలిని కదిలించగలిగింది చాలా తక్కువ. సన్నటి తీగ ఊగితే గాలి దాని పక్కనుంచి తప్పుకుని పోతుంది. ఆ ఊగు పుల్ల గుండా తోలుకు దిగాలి. తోలు వెడల్పు గనుక గాలిని గట్టిగా తోస్తుంది. అప్పుడే మన చెవికి వినిపిస్తుంది. నీ హార్ప్‌లో ఆ పని చేసేది కింది చెక్క పలక. బీన్ బాజాలోనూ, అమరావతి బొమ్మలోనూ, కిక్రిలోనూ చేసేది తోలు.

ఇక వేలికీ కమానుకూ ఉన్న తేడా. వేలితో మీటితే తీగకు ఒక్కసారే శక్తి ఇచ్చి వదిలేసినట్టు. తీగ దాన్ని ఖర్చు చేసుకుంటూ సన్నగిల్లుతుంది. కమాను అట్లా వదలదు. వెంట్రుకలు తీగను పట్టుకుని కొంత దూరం లాగుతాయి. బిగువు ఎక్కువై తీగ జారిపోతుంది. మళ్లీ పట్టు, మళ్లీ జారు. సెకనుకు వందలసార్లు. పాత తలుపు కిర్రుమనేదీ ఇట్లాగే, పట్టి జారడం వల్లే. తలుపు అడ్డదిడ్డంగా జారుతుంది, తీగ మాత్రం తన పొడవు చెప్పిన లెక్కకే జారుతుంది. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ దీన్ని మొదట విప్పి చూపించాడు. తర్వాత మన సి.వి. రామన్ కలకత్తాలో ఉండగా 1918లో కమాను తీగల కదలిక మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆయనకు నోబెల్ వచ్చిన వెలుతురు పని దానికి పదేళ్ల తర్వాతి ముచ్చట. నేను చూసిన పాఠ్యపుస్తకాలు ఆ పదేళ్లనూ, ఈ తీగల పనినీ ఒక్క వాక్యంలో కూడా చెప్పవు. నాకు అదే కోపం.

పర్ధాన్‌కు ఈ పట్టి జారడం ఎందుకు పనికొచ్చిందో ఆలోచించు. అతను పాడేది రెండు చరణాల పాట కాదు. రాత్రంతా సాగే వంశకథ. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల గోండు శాఖల్లో ఎవరు ఎక్కడ పుట్టారు, ఎటు పోయారు, ఏ పేన్‌ను, అంటే వంశ దేవతను, ఎట్లా తెచ్చుకున్నారు అన్నదంతా అందులో ఉంటుంది. ఇంట్లో మాట్లాడేది మరాఠీ, పాడేది గోండి. ఊపిరి తీసుకోవాలి, తర్వాతి మాట గుర్తు తెచ్చుకోవాలి. మీటిన తీగ ఆ సందులో ఆరిపోతుంది. కమాను ఆ సందును నింపుతుంది. వినేవాడి చెవి కథ నుంచి జారిపోదు. 1940లలో మార్లవాయిలో ఉండి గోండులను చదివిన హైమెండార్ఫ్ తన 1948 నాటి పుస్తకంలో ఈ పర్ధాన్లకు ఊరికే అంత చోటు ఇయ్యలేదు. గోండుల పురాణమంతా వాళ్ల నోటి మీదే ఉంది.

ఆ పురాణంలోనే మొదటి పర్ధాన్ హీరాసుక కథ ఒకటుంది. మహారాష్ట్ర గోండియా జిల్లాలోని కచార్‌గఢ్ గుహలో పిల్లలు చిక్కుకుపోతారు. గుహ నోటికి బండ అడ్డం. బయట హీరాసుక తన తీగ వాద్యం వాయిస్తాడు. ఆ పాటకు ఊపు వచ్చి లోపలి పిల్లలంతా కలిసి తోస్తే బండ దొర్లుతుంది. దాని కిందే పడి హీరాసుక చనిపోతాడు. ఇప్పటికీ మాఘ పున్నమికి నాలుగైదు రాష్ట్రాల గోండులు అక్కడ కూడతారు. నువ్వడిగిన జాతీయ సభకు ఇంకా దగ్గరిది అదేనేమో! కిక్రి చప్పుడుకు బండ కదలదు, ఆ చప్పుడులో అంత బలం లేదు. కానీ కథ చెప్పింది కూడా అది కాదుగదా, తోసింది పిల్లలు. బండను పట్టి ఉంచే రాపిడికి ఒక హద్దు ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కో క్షణాన తోస్తే ఎవరి బలమూ ఆ హద్దు దాటదు. అందరి బలం ఒకే క్షణాన పడితే దాటుతుంది. ఆ క్షణం ఏదో చెప్పడానికి తాళం కావాలి. కథ కట్టినవాడికి బరువులు మోసిన అనుభవం ఉందని నాకనిపిస్తుంది.

కెస్లాపూర్‌కు వద్దాం. గోండుల్లో మెస్రం వంశం వాళ్లు జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగులో గోదావరి నీళ్లు ముంచుకుని, చెప్పులు లేకుండా నడుచుకుంటూ వస్తారు. ఊరి మర్రిచెట్ల కింద దిగుతారు. కాళికోమ్ అనే పొడుగు కొమ్ము, పెప్రె అనే సన్నాయి, డోలు, కిక్రి, అన్నీ వస్తాయి. కొత్త కోడళ్లను దేవుడికి చూపే భేటింగ్ జరుగుతుంది. అవన్నీ పేపర్లో చదువుతావు. చలి సంగతి మాత్రం పేపరోళ్లు రాయరు, అది నేను చెబుతాను.

పుష్యమాసంలో ఆదిలాబాద్ చలి అంటే తెలంగాణలోనే పేరుమోసిన చలి. పొద్దుగూకినంక నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలకు ఆనిన గాలి చల్లబడుతుంది, దాని పైగాలి ఇంకా వెచ్చగా ఉంటుంది. వెచ్చటి గాలిలో చప్పుడు వేగంగా పోతుంది. సున్నా డిగ్రీల్లో సెకనుకు 331 మీటర్లు, 20 డిగ్రీల్లో 343. చప్పుడు అల పైభాగం ముందుకు ఉరికితే, కిందిభాగం వెనకపడితే, అల మొత్తం నేల వైపు వంగుతుంది. పైకి పోయి వృథా కావలసిన కాళికోమ్ మోత తిరిగి పక్క గూడేల మీద దిగుతుంది. పగలు సరిగ్గా తలకిందులు. నేల వేడెక్కి ఉంటుంది గనుక చప్పుడు పైకి వంగి మనల్ని దాటిపోతుంది. అదే కొమ్ము, అదే ఊదేవాడు, రాత్రి దూరం వేరు, పగలు దూరం వేరు.

చలి పెప్రెను ఇంకో తీరుగా పట్టుకుంటుంది. గాలి వాద్యం స్వరం చప్పుడు వేగాన్ని బట్టి ఉంటుంది. మధ్యాహ్నం 30 డిగ్రీల నుంచి రాత్రి 8 డిగ్రీలకు పడిపోతే ఆ వేగం నూటికి నాలుగు వంతులు తగ్గుతుంది. అంటే అర స్వరంలో దాదాపు మూడింట రెండు వంతుల దిగుడు. ఊదేవాడి ఊపిరి గొట్టాన్ని వెచ్చగా ఉంచుతుంది గనుక అంత దిగదు, కానీ దిగుతుంది. కిక్రి గోస వేరే. తోలు తేమ పీల్చి సాగుతుంది. సాగితే పుల్ల కుంగుతుంది, తీగలు సడలుతాయి, స్వరం దిగుతుంది. వానాకాలం కిక్రికి మంచిది కాదు. పుష్యం పొడి గాలి మంచిది. మంచు కురిసే తెల్లవారుజామున మళ్లీ కొంచెం కష్టం. డోలు వాళ్లు మంట దగ్గర తోలు కాపుకోవడం చూసే ఉంటావు, తేమ ఎగిరిపోయి తోలు బిగుసుకుంటుంది. చలి మంట మనిషికీ వాద్యానికీ కలిపి పనికొస్తుంది.

కిక్రి చప్పుడు చిన్నది. తోలు అరచేతి లెక్కలో ఉంటుంది, అంత చిన్న తోలు మంద్రస్వరాన్ని గట్టిగా తోయలేదు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ పోతాయి. పోనీ పదిమంది కలిసి వాయిస్తే పదింతలు వినిపిస్తుందా అంటే, చెవికి రెండింతలుగా మాత్రమే తోస్తుంది. అందుకే జాతరలో పని పంచుకున్నారు. పిలుపు కాళికోమ్‌ది, పెప్రెది. కథ కిక్రిది, మంట చుట్టూ ఉన్నవాళ్లకే.

వచ్చే పుష్యానికి సెలవు పెట్టుకుని రా. కరీంనగర్ నుంచి రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా పోదాం. హార్ప్ శ్రుతి చేసుకునే యాప్ ఎట్లాగూ నీ ఫోన్‌లో ఉంటుంది. పెప్రె వాయించే ఆయన్ని అడిగి, ఒకే స్వరాన్ని మధ్యాహ్నం ఒకసారి, నడిరాత్రి ఒకసారి ఊదించుకుని కొలువు. ఊపిరి వెచ్చదనం ఎంత కాపాడుతుందో ఆ రెండు అంకెల తేడాలో తేలుతుంది. స్వెట్టర్ మాత్రం అక్కడిదే తెచ్చుకో, నా దగ్గరున్నది నాకే చాలదు.