కోడిపిల్ల కడుపుకూ తోడు కావాలి

పాలు పెరుగు కావాలంటే తోడు వేయాలి. తోడులో కంటికి కనపడని జీవులుంటాయి. అవే పాలను పెరుగు చేస్తాయి.

కోడి పేగుల్లో కూడా ఇలాంటి జీవులుంటాయి. మేత అరగడానికి సాయపడతాయి. రోగం తెచ్చే క్రిములకు చోటు లేకుండా చేస్తాయి. బస్సు నిండిపోతే వెనక వచ్చినవాళ్ళకు సీటు దొరకదు కదా! ఇదీ అంతే.

గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఈ జీవులు ఎలా వస్తాయి? ఎక్కువగా తల్లి దగ్గర నుంచే. పెట్ట పెంటకుప్ప గీరుతుంది. పిల్లలు దాని వెంటే తిరిగి ఏరుకు తింటాయి. తల్లి రెట్టలోని జీవులు అలా పిల్లల కడుపులో చేరతాయి.

ఫారం పిల్లకు తల్లి తెలియదు. గుడ్లను మిషన్లో పొదిగిస్తారు. 21 రోజులకు పిల్లలు వస్తాయి. వాటి పేగుల్లో మంచి జీవులు తక్కువ. చెడ్డ క్రిమి ముందు చేరిందంటే పారుడు పట్టుకుంటుంది. పిల్లలు చచ్చిపోతాయి.

ఫిన్లాండ్ దేశంలో నూర్మి అనే శాస్త్రవేత్త దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఆరోగ్యంగా ఉన్న పెద్దకోడి పేగులోని పదార్థాన్ని పిల్లలకు పట్టాడు. ఆ పిల్లలు సాల్మొనెల్లా అనే క్రిమిని బాగా తట్టుకున్నాయి. ఈ సంగతి 1973లో లోకానికి తెలిసింది.

ఇప్పుడు మేలు చేసే జీవులను పొడిగా అమ్ముతున్నారు. దీన్నే ప్రోబయోటిక్ అంటారు. దాణాలో గానీ నీళ్ళలో గానీ కలుపుతారు.

కొందరు జబ్బు లేకపోయినా దాణాలో యాంటీబయోటిక్ మందు కలుపుతారు. అది మంచి జీవులనూ చంపుతుంది. మందుకు చావని క్రిములు మిగిలి పెరుగుతాయి. అవి మనుషులకు సోకితే ఆసుపత్రిలో ఇచ్చే మందు కూడా పనిచేయదు. కోలిస్టిన్ అనే మందు మనిషి ప్రాణానికి చివరి ఆసరా. అందుకే దాన్ని కోళ్ళకు, పశువులకు వాడకుండా 2019లో భారత ప్రభుత్వం నిషేధించింది.

ఇవి గుర్తుంచుకోండి:

• ప్రోబయోటిక్‌ను వేడినీళ్ళలో, బ్లీచింగ్ నీళ్ళలో కలపకూడదు. జీవులు చస్తాయి.
• పొడిని ఎండ తగలని చల్లని చోట దాచాలి.
• ఇది టీకాకు బదులు కాదు. కొక్కెర తెగులుకు టీకా వేయించాల్సిందే.
• రెట్టలో రక్తం కనపడితే వెంటనే పశువుల డాక్టరును అడగాలి.
• కోళ్ళు పడుకునే చోటు తడిగా ఉంటే ఏ పొడి వేసినా లాభం లేదు.

ప్యాకెట్ కొనేటప్పుడు దాని మీది తారీఖు చదవండి. గడువు దాటితే అందులో జీవం ఉండకపోవచ్చు. డబ్బు మాత్రం పోతుంది.