ఇంటి కాగితాలూ అమానతే

దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయతు అల్ బఖరా సూరాలోని 282వది. అది మొత్తం రుణ పత్రం గురించే. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, అప్పు తీసుకున్నవాడే చెప్పి రాయించాలని, సాక్షులుండాలని ఆదేశించింది. మొత్తం చిన్నదైనా రాయడానికి విసుగు పడవద్దంది. ఇంతటి తాకీదు ఉన్నా మన ఇళ్లలో కాగితాలు పరుపు కింద కొన్ని, బియ్యం డబ్బాలో కొన్ని, అల్మారాలో కొన్ని పడి ఉంటాయి.

మన్యంలో కాగితం విలువ

1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్‌పై దాడి చేసింది. పట్టుకెళ్లిన ఆయుధాల వివరం రాసి సంతకం చేసి వెళ్లడం ఆయన పద్ధతి అంటారు. తిరుగుబాటులోనూ లెక్క తప్పలేదన్నమాట. కాపురాలు చేసుకునే మనకు లెక్క ఇంకెంత అవసరం!

ఏజెన్సీలో 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. దాని ప్రకారం గిరిజనేతరుల చేతిలోని స్థిరాస్తి, వేరుగా రుజువయ్యేదాకా, గిరిజనుల నుంచి వచ్చినట్టే లెక్క. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. గిరిజన సోదరుల భూమిని కాపాడే చట్టమిది. దీనివల్ల రుజువు చూపవలసిన బాధ్యత మనమీదే ఉంది. తాతలనాటి దస్తావేజు, శిస్తు రశీదు, ఇంటి పన్ను చీటీ మన పక్షాన నిలిచే సాక్షులు.

ఇందులో మరో బాధ్యత కూడా ఉంది. గిరిజన పొరుగువారి పాసు పుస్తకమో పట్టానో మన అంగడి పెట్టెలో ఉండిపోతే వెంటనే ఇచ్చేయాలి. అమానతును దాని హక్కుదారుకు అప్పగించమని అల్లాహ్ ఆజ్ఞ (4:58).

పేరు ఒక్కటే ఉండాలి

మనవారి దరఖాస్తులు తిరిగి రావడానికి పెద్ద కారణం పేరు. ఒకచోట షేక్, మరోచోట షైక్. ఒకచోట మహమ్మద్, మరోచోట ఎండీ. ఆడపిల్లకు బడిలో బీ, రేషన్ కార్డులో బేగం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న అక్షరాలనే ఒక కాగితంపై ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూల్లో రాసి పెట్టుకోండి. ఏ ఫారం నింపినా దాన్ని చూసే నింపండి.

బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించండి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరికకైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. 2022 ఏప్రిల్ 4న రాజవొమ్మంగి తూర్పు గోదావరి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. పాత జిల్లా పేరుందని పాత కాగితాలను పారేయకండి.

ఒక పెట్టె, అయిదు సంచులు

ఇంట్లో ఆఫీసు గది అక్కర్లేదు. ఒక ఇనుప ట్రంకు పెట్టె చాలు. కొండవాన చెమ్మకు, చెదలకు అందకుండా గోడకు ఎడంగా, ఇటుకలపై పెట్టండి. లోపల అయిదు ప్లాస్టిక్ సంచులు: గుర్తింపు పత్రాలు, ఇల్లు-పొలం, చదువు, బ్యాంకు-అప్పులు, వైద్యం. ఏటీఎం చీటీల మీది అక్షరాలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి, జిరాక్సు తీయించండి. డిజీలాకర్‌లో వచ్చే పత్రాలు చెల్లుతాయి గానీ సిగ్నల్ లేనిచోట పెట్టెలోని ప్రతే అక్కరకొస్తుంది.

పెట్టెపైన ఒక నోటుపుస్తకం ఉంచండి. శుక్రవారం జుమా తర్వాత అరగంట కూర్చుని ఆ వారం వచ్చిన కాగితాలను సంచుల్లో సర్దండి. వచ్చే వారం చేయవలసిన మూడు పనులు రాయండి, పూర్తయినవి కొట్టేయండి. ఎవరికెంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో, జకాత్ ఏ తేదీన లెక్కకట్టాలో అందులోనే ఉండాలి.

ఇంటావిడకు తెలియాలి

తాళం ఒక్క మగవాడి దగ్గరే ఉంటే ప్రయోజనం లేదు. ఏ సంచిలో ఏముందో భార్యకు, ఎదిగిన బిడ్డకు తెలియాలి. నికాహ్‌నామా ప్రతి, మహర్ వివరం ఆడపిల్ల చేతిలోనే ఉండాలి. వారసుల పంపకానికి ముందే మృతుని అప్పు తీరాలన్నది ఖుర్ఆన్ నియమం. ఆ అప్పు ఎవరికీ తెలియకపోతే తీర్చేదెవరు? వసీయతు చేయవలసింది ఉన్న ముస్లిం దాన్ని రాయకుండా రెండు రాత్రులైనా గడపడం తగదని దైవప్రవక్త (స) బోధించారు. ఈ శుక్రవారమే పెట్టె తెరవండి.