మీకు తెలుసా? ఉగ్గుగిన్నెలో లెక్కలు

◆ ఎనిమిది కిలోల బిడ్డ పొట్టలో ఒక విడతకి ఎంత పడుతుందో తెలుసా? కిలో బరువుకి సుమారు ముప్పై గ్రాముల లెక్కన 240 గ్రాములు. మంచినీళ్ల గ్లాసు నిండితే అంతే, పొట్ట కూడా నిండిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలకి తల్లిపాలు కాక పైతిండి నుంచి రోజుకి దాదాపు 200 కేలరీలు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

బెంగళూరులో మా వీధి చివర ఓ అపార్ట్‌మెంటు లేస్తోంది. అక్కడ పనిచేసే కర్నూలు వైపు అమ్మాయి ఒకామె ఏడు నెలల పిల్లాడికి రాగి జావ పడుతూ కనిపించింది. గ్లాసు నీళ్లకి ఓ చెంచాడు పిండి. చెంచా వంచితే నీళ్లలా జారిపోతోంది. "ఇంత పల్చగానా అమ్మా?" అన్నాను. "గట్టిగా చేస్తే ఊసేస్తాడన్నా, ఇట్లయితేనే గుటగుటా తాగుతాడు" అంది. ఆమె చెప్పింది నిజమే. లెక్క మాత్రం వేరే మాట చెబుతోంది. ఆ చెంచాడు, అంటే పది గ్రాముల రాగిపిండిలో ఉండేది ముప్పై కేలరీల పైచిలుకు. ఆ లెక్కన వాడు రోజుకి ఆరు గ్లాసులు తాగాలి. ఒక్క గ్లాసుకే పొట్ట నిండి నిద్రపోతాడు, అమ్మ తృప్తిగా పనిలోకి వెళ్తుంది.

చిన్న చెంచాడు నెయ్యో నూనో, అంటే ఐదు గ్రాములు, ఆ గ్లాసులో కలిపితే మరో 45 కేలరీలు చేరతాయి. జావ మొత్తంలో ఉన్నదానికంటే ఆ ఒక్క చెంచాలోనే ఎక్కువ.

◆ గట్టిగా చేస్తే మింగడు, పల్చగా చేస్తే చాలదు. ఈ చిక్కుకి విరుగుడు రాగుల్లోనే ఉంది. రాగులు మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. పిండి పదార్థాన్ని ముక్కలు చేయడమే దాని పని. మామూలు పిండితో గట్టిగా, ఉండకట్టేలా వండిన జావని పొయ్యి మీంచి దించి, కాస్త వేడి తగ్గాక చెంచాడు మొలకల రాగిపిండి కలిపి చూడండి. మీ కళ్ల ముందే నిమిషాల్లో పల్చబడుతుంది. నీళ్లు పోయలేదు, పిండి తగ్గలేదు, జావ మాత్రం జారుగా అయింది. మళ్లీ ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చగా చల్లార్చి తినిపించాలి. మొలకల పిండిలో సూక్ష్మజీవులు ఉండొచ్చు కాబట్టి ఆ రెండో పొంగు తప్పనిసరి. కుతకుతలాడే జావలో మొదటే కలిపితే ఎంజైము చచ్చిపోతుంది, పని జరగదు. ఈ పద్ధతిలో అదే గ్లాసులో రెండింతలకు పైగా పిండి పట్టించవచ్చు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ మొలకల రాగులతో పసిపిల్లల ఆహారం తయారీపై ఏళ్ల తరబడి పనిచేసింది.

కన్నడ ఇళ్లలో అమ్మమ్మలకి ఎంజైము పేరు తెలియకపోయినా పని తెలుసు. వాళ్ల 'రాగి సరి' ఇదే. రాగులు రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, తెల్లటి మొలక తొంగిచూడగానే నీడన ఆరబెట్టి, సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, పిండి పట్టించి, పల్చటి గుడ్డతో వస్త్రకాయితం పడతారు. మొలకెత్తించడం వల్ల ఇంకో లాభం. గింజలోని ఫైటేట్లు తగ్గి ఇనుము, కాల్షియం ఒంటికి పట్టడం సులువవుతుంది. నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల దరిదాపు ఉంటుంది. బియ్యంలో పది కూడా అనుమానమే.

◆ అన్నట్టు, రాయలసీమలో రాగులు, ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు. గింజ ఒక్కటే. రాగులతో సహా చిరుధాన్యాల అఖిల భారత సమన్వయ పరిశోధన ప్రాజెక్టుకి కేంద్రం చాలాకాలం బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయపు జీకేవీకే ప్రాంగణంలోనే ఉండేది.

◆ సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అంటే మన అంగన్‌వాడీల పథకం, 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైంది. కర్ణాటకలో దాని తొలి అడుగు మైసూరు జిల్లా టి.నరసీపుర. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు కేంద్రంలో కూర్చుని తినలేరు కాబట్టి వాళ్ల వాటా ఇంటికే వెళ్తుంది. కర్ణాటకలో ఆ పొడి పేరు పుష్టి. తెలుగు రాష్ట్రాల్లో బాలామృతం. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన రెండున్నర కిలోల ప్యాకెట్టది. 2013 ఆహార భద్రతా చట్టం ఈ వయసు బిడ్డకి రోజుకి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ రాసిపెట్టింది. 2017లో అందుకు కట్టిన ధర బిడ్డకి రోజుకి 8 రూపాయలు. ఆ డబ్బుతో బెంగళూరు కిరాణా కొట్లో ఓ గుడ్డు కొంటే చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

ప్యాకెట్టు ఇంటికి చేరాక అది బిడ్డదిగా మిగలడం ఇంకో కథ. లడ్డూలు చుట్టి పెద్దపిల్లలకి పెట్టేస్తారు. అమ్మల్ని తప్పుపట్టి లాభం లేదు, ఆకలి ఇంట్లో అందరిదీ. పంచేవాళ్లు పొట్లం చేతికిచ్చి సంతకం తీసుకునే బదులు, అక్కడే ఒకసారి వండి చూపిస్తే సగం పని అయినట్టే.

◆ నాకు మింగుడుపడనిది చక్కెర. ఏడాది లోపు పిల్లల తిండిలో చక్కెర, ఉప్పు కలపొద్దని మన పిల్లల డాక్టర్లు మొత్తుకుంటారు. సర్కారు ప్యాకెట్టులో మాత్రం అది ఉంటుంది. నిల్వకీ రుచికీ అంటారు. 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ, ఇండియాలో అమ్మే సెరిలాక్ రకాల్లో ఒక విడతకి సగటున 2.7 గ్రాముల అదనపు చక్కెర ఉందని లెక్కగట్టినప్పుడు దేశమంతా గగ్గోలు పెట్టాం. ఉచితంగా వచ్చే పొట్లాన్ని కూడా అదే కంటితో చూడాలి కదా.

◆ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, తర్వాతి సవరణ మేరకు, ముప్పైమందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల గది ఉండాలనేది. అక్కడితో ఆగలేదు. ఆ పిల్లలకి ఉచితంగా పాలో చిరుతిండో ఇప్పించేలా, మధ్యమధ్య తల్లులు వచ్చి పాలిచ్చి వెళ్లేలా నిబంధనలు రాసుకోవచ్చని కూడా చెప్పింది. బెంగళూరులోని పీణ్య, మైసూరు రోడ్డు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కుట్టుమిషన్ల ముందు కూర్చున్న తల్లుల్లో ఎంతమందికి ఈ సంగతి ఎన్నడైనా తెలిసిందంటారు? ఇక పల్లెల సంగతికొస్తే, గ్రామ పంచాయతీల్లో కర్ణాటక ప్రభుత్వం తెరిచిన శిశుకేంద్రాల పేరు 'కూసిన మనె'. కూసు అంటే కన్నడంలో పసిబిడ్డ.

అమెరికాలో సబ్సిడీతో నడిచే శిశుకేంద్రాల భోజన పథకంలో తల్లి వచ్చి అక్కడే పాలిచ్చినా దాన్ని ఒక భోజనంగా లెక్కగట్టి కేంద్రానికి డబ్బు చెల్లిస్తారు. ఏడాది లోపు పిల్లలకి పళ్లరసాన్ని 2017లో ఆ జాబితాలోంచి తీసేశారు.

◆ ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. పుట్టగానే నాలుకకి తేనె రాయడం మన దగ్గర ముచ్చట. బొటులిజం అనే జబ్బు కలిగించే బ్యాక్టీరియా బీజాలు తేనెలో ఉండొచ్చు, పసిపేగు వాటిని అడ్డుకోలేదు.

◆ వేరుశనగ గింజ గింజగా పెడితే గొంతులో అడ్డం పడుతుంది. మెత్తగా నూరి జావలో కలిపితే ఆరు నెలలు దాటిన బిడ్డకి మంచిదే. 2015లో లండన్ పరిశోధకులు, అలర్జీ ముప్పున్న పిల్లలకి కూడా తొలి ఏడాదిలోనే వేరుశనగ అలవాటు చేస్తే తర్వాత అలర్జీ బాగా తగ్గుతుందని చూపించారు. అలాంటి ముప్పున్న బిడ్డకి మాత్రం డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి. బాగా ఉడికించిన గుడ్డుని ఏడాది దాకా ఆపాలన్న పాతమాట కూడా చెల్లిపోయింది.

◆ టీలో ముంచిన బిస్కెట్టు. బెంగళూరు బేకరీ ముందు నిలబడి చంకలో పిల్లకి పెట్టే ఈ తిండి ఏ పథకం జాబితాలోనూ ఉండదు, అన్నిటికంటే ఎక్కువ కనిపించేది మాత్రం ఇదే. టీలోని టానిన్లు ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. ఆరో నెలకి బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తెచ్చుకున్న ఇనుము నిల్వ ఎలాగూ కరిగిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలలు దాటిన, ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత. ఆరు నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా తిండి తింటున్నవాళ్లు నూటికి పదకొండు మందే. బిస్కెట్టుకి బదులు అరటిపండు మెదిపి పెట్టండి, ఇనుము ఒంటికి పట్టేలా జావలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి.

◆ ముక్కున్న వెండి ఉగ్గుగిన్నె మీ ఇంట్లో ఉందా? తమిళులు దాన్నే పాలాడై అంటారు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి పాలు పట్టడానికి ఆస్పత్రుల్లో ఇప్పటికీ వాడతారు. దాని సన్నటి ముక్కులోంచి జారాలంటే లోపలున్నది పల్చగా ఉండి తీరాలి. పాలకి అది సరైన గిన్నె, బువ్వకి కాదు. ఆరో నెల నిండగానే కడిగి అటక మీద పెట్టేసి చెంచా తీయండి.